పల్లకీ మోసినవాళ్ల రాత్రి



మా మాస్టారి పేరిట ఈ గ్రంథాలయంలో జరిగే సభలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు, ఏ విషయం మీద అని అడిగాను. ఈ మధ్య ఏం చదివారో అదే చెప్పండి అన్నారు. మాస్టారు ఎదురుపడితే కుశలం కన్నా ముందు ‘ఏం చదువుతున్నావురా’ అనేవారు. ఆ ప్రశ్నకే ఇవాళ జవాబు చెప్పుకుంటాను.

ఈ వేసవిలో రెండు పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి చదివాను. ఒకటి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర, రెండోది కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’. రెంటికీ పొత్తు లేదనుకునే మొదలుపెట్టాను.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్లి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. రైలు లేని కాలం, పల్లకీలో ప్రయాణం. దారిలో చూసిందంతా రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య పోయాక, 1838లో ఆ మిత్రుడే అచ్చు వేయించారు. ఎంత గొప్ప స్నేహం!

దారి ఎలాంటిది, నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అన్నది ప్రతి మజిలీలోనూ చెబుతారు. మొదటి రోజు నాకు విసుగనిపించింది. నాలుగైదు రోజులయ్యేసరికి, కొత్త ఊరు రాగానే అక్కడి నీళ్ల సంగతి ఎప్పుడు చెబుతారా అని నేనే ఎదురుచూడటం మొదలుపెట్టాను. తన వెనక రాబోయే ముక్కూమొహం తెలియని యాత్రికుడి దాహం గురించి ఆలోచించిన మనిషి ఆయన.

నేను చదివిన కాశీయాత్ర ప్రతి, మాస్టారు ఈ గ్రంథాలయానికి ఇచ్చిందే, దిగవల్లి వేంకటశివరావు గారి 1941 కూర్పు. అట్ట ఊడిపోతే వెన్నుకు ఖాకీ కాగితం అంటించారు. చదువుతుంటే అంచుల్లో అక్కడక్కడా పెన్సిలు గీతలు కనిపించాయి. సన్నగా, వేలెడు పొడవున, పక్కన ఒక్క మాటైనా లేకుండా. కాశీ వర్ణన దగ్గర గీత లేదు, గయ దగ్గర లేదు. సగం పుస్తకం అయ్యాక గాని నాకు వెలగలేదు. పల్లకీ మోసే బోయీల మాట వచ్చిన చోటల్లా మాస్టారు గీత గీశారు. వాళ్లూ ఆ దారంతా నడిచారు, ఆ నీళ్లే తాగారు. వాళ్ల గొంతు మాత్రం మనకు వినిపించదు. కలం పల్లకీ లోపల ఉంది మరి.

ఆ దిగులుతోనే నవల పట్టుకున్నాను. కేశవరెడ్డి డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. ఇందులో పందులు మేపుకునే ముసలివాడు తప్పిపోయిన సూడిపందిని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ అడవిలోకి పోతాడు. పంది ఈని ఉంటుంది. పెంచిన మనిషినే దగ్గరికి రానివ్వదు. చుట్టూ నక్కలు. తెల్లారేదాకా అంతే కథ. ఇతణ్ణి హెమింగ్వే నవలలోని ముసలివాడితో పోలుస్తుంటారు గాని, నాకు ఆ పోలికతో పని పడలేదు. ఈ ముసలివాడు పెద్ద మాటలు చెప్పడు. ఏ అలికిడి దేనిదో, పంది ఎందుకు బెదిరిందో, తాను ఎంత దూరంలో ఆగాలో అతడికి తెలుసు. అదంతా చదువే. అక్షరం ముక్క రాని మనిషి బుర్రలో ఎన్ని పుస్తకాలున్నాయో ఒక్క రాత్రిలో చూపించాడు రచయిత.

చరిత్ర నిజం, నవల కల్పన అని మనం బీరువాలు వేరు చేశాం. వీరాస్వామయ్య రాసింది నిజమే, నాకు దాని మీద గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు. కానీ డైరీ రాసే తీరిక లేనివాడి రాత్రి ఎలా గడిచిందో తెలియాలంటే కేశవరెడ్డిలాంటివాడు కల్పించవలసిందే. నవల ముగించి మళ్లీ కాశీయాత్ర తెరిచాను. ఈసారి మజిలీ దగ్గర పల్లకీ దించిన చప్పుడు వినిపించింది. బోయీలు భుజాలు రుద్దుకుంటూ పొయ్యి రాజేయడం కనిపించింది. ఇదంతా పుస్తకంలో లేదు, నా మనసులో ఉంది.

మాస్టారి గీతల పక్కన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. మన ఊళ్లోనే, తాతలు పెళ్లి పల్లకీలు మోసిన ఇళ్లు నాలుగున్నాయి. వాటిలో ఒక ఇంటి పెద్దాయనకు ఎనభై దాటాయి. చిన్నప్పుడు తాత వెంట దీపం పట్టుకుని నడిచేవాడట. గురువారం రమ్మన్నాడు. నోటుపుస్తకం కొనుక్కున్నాను.