పాఠశాల పాలనలో గౌరవ సభ్యుల పాత్ర
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాల పాఠశాల చరిత్రను తలచుకొనేటప్పుడు మనం భవన దాతలను, ఉపాధ్యాయులను, పేరు గడించిన విద్యార్థులను స్మరిస్తాము. అది న్యాయమే. నేను నేడు మాట్లాడదలచినది మరొక వర్గాన్ని గురించి. పగలంతా మరమగ్గం వద్దనో, దుకాణంలోనో, కచేరీలోనో పనిచేసి, రాత్రివేళ పాఠశాలకు వచ్చి జమాఖర్చుల పుస్తకం ముందు కూర్చున్నవారు వీరు. వీరికి జీతం లేదు, బత్తెం లేదు. చాలామంది పేర్లు తీర్మానాల పుస్తకంలో సంతకాలుగా మాత్రమే మిగిలి ఉన్నవి. ఈ గౌరవ సభ్యులు చేయవలసినదేమి, చేయకూడనిదేమి, రేపు వారి స్థానంలో కూర్చునేదెవరు అన్నదే నా ప్రసంగ విషయం.

షోలాపూర్ నగరానికి మన పూర్వులు నేతపనిని నమ్ముకొని తెలంగాణా ప్రాంతం నుండి తరలివచ్చినారు. 1870ల దశకంలో ఇక్కడ నూలుమిల్లు వెలసిన పిమ్మట ఆ రాక మరింత పెరిగినది. వచ్చినవారు తలదాచుకొన్న కొంత కాలానికే గుడి కట్టుకొన్నారు, బడి కట్టుకొన్నారు. బడిని నడపడానికి తమలో నుండే కొందరిని ఎన్నుకొన్నారు. మన పాలక మండళ్లకు మూలం అదే. ప్రభుత్వం ఆదేశించినందువలన అవి పుట్టలేదు. తమ బిడ్డలు తమ భాషలో చదువుకోవాలన్న కోరిక నుండి పుట్టినవి.

ఆ కోరికకు రాజ్యాంగం రక్షణ కల్పించినది. భాషాపరమైన అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కు 30వ అధికరణంలో ఉన్నది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలన్న 350ఏ అధికరణం 1956లో చేరినది. అల్పసంఖ్యాకులెవరన్నది రాష్ట్రం ప్రమాణంగా నిర్ణయించాలని సుప్రీం కోర్టు 2002లో తేల్చినది. ఆ విధంగా మహారాష్ట్రలో మన హక్కు స్పష్టమైనదే. అయితే నిర్వహించుకొనే హక్కులో దుర్నిర్వహణ చేసే హక్కు ఇమిడి లేదని అదే న్యాయస్థానం 1958లోనే చెప్పినదన్న సంగతిని మనం మరువరాదు. హక్కును రాజ్యాంగం ఇస్తుంది గాని, నెలకొకసారి సమావేశానికి వచ్చి లెక్కలు చూచే మనిషిని పంపదు. ఆ మనిషిని సమాజమే ఇవ్వాలి.

ఇక చట్టపరమైన బాధ్యతలు. ధర్మాదాయ సంస్థల చట్టం 1950 నాటిది. దాని ప్రకారం నమోదైన సంస్థ ఏటేటా లెక్కలు తనిఖీ చేయించాలి. ధర్మకర్తలు మారినప్పుడు 90 రోజులలోగా ఆ మార్పును ధర్మాదాయ శాఖకు తెలియజేయాలి. ఇది చిన్న విషయంగా కనబడుతుంది. కాని సంస్థకు బాధ్యులెవరన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు లేకపోతే బ్యాంకు ఖాతా మొదలుకొని భవనపు మరమ్మతు వరకు అన్నిటికీ అడ్డంకులే. కనుక సభ్యుడు సంతకం పెట్టే ముందు చదవాలి. అర్థం కానిచోట అడగాలి.

2009 విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలనీ, మొత్తం మీద సగం మంది స్త్రీలు ఉండాలనీ నిర్దేశించినది. 2012 సవరణతో అల్పసంఖ్యాకుల పాఠశాలలలో ఈ కమిటీ సలహాలకే పరిమితమైనది. 2014లో సుప్రీం కోర్టు ఈ చట్టమే అట్టి పాఠశాలలకు వర్తించదన్నది. ఆ తీర్పు సరియైనదేనా అన్న ప్రశ్నను 2025లో మరొక ధర్మాసనం లేవనెత్తినది. న్యాయస్థానాల చర్చ ఎటు తేలినా, తల్లులకు చోటివ్వాలన్న ఆలోచనను స్వీకరించడానికి మనకు ఎవరి ఆజ్ఞా అవసరం లేదు.

మంచి సభ్యుడు ఏమి చేస్తాడు? నా అనుభవంలో అతడు మూడు ప్రశ్నలు అడుగుతాడు. పట్టీలో పేరున్న పిల్లలలో బడికి వస్తున్నదెందరు? మూడవ తరగతి పిల్లలలో తెలియని పాఠాన్ని తమంతట తాము చదువగలిగినదెందరు? వచ్చిన సొమ్ము దేనికి ఖర్చయినది? మొదటి ప్రశ్న విలువ నాకు ఒక సభ్యుని వలన తెలిసినది. ఆయన ప్రతి సమావేశంలోను హాజరుపట్టీ తెప్పించుకొని, ఏ పేరు ఎదుట ఖాళీలు ఎక్కువగా ఉన్నవో చూచేవారు. ఆ ఖాళీలలో అధికం ఆడపిల్లలవి. తల్లి బీడీలు చుట్టి కార్ఖానాకు అప్పగించడానికి వెళ్లే వేళలో చంటిబిడ్డను చూచుకొనేది ఆ పిల్లలే. పాఠశాల పంపిన నోటీసులకు బదులు రాలేదు. ఆయన తామే ఆ వాడకు వెళ్లి, ఇరుగుపొరుగు తల్లులు వంతులవారీగా పసిపిల్లలను చూచుకొనే ఏర్పాటు చేయించినారు. ఆ తల్లులతో మాట్లాడడానికి ఆయనకు పదవి అవసరం కాలేదు. వారిలో ఒకడైనందువలననే వారు విన్నారు. ఉద్యోగులమైన మాకు అందని పని అది.

చేయకూడని పనులను కూడ చెప్పడం నా విధి. సభ్యుడు తరగతి గదిలోనికి పోయి పిల్లల ఎదుట ఉపాధ్యాయుని పరీక్షించరాదు. తన బంధువుకు ఉద్యోగమో, తన పరిచయస్థునికి మరమ్మతు పనియో ఇమ్మని కోరరాదు. అట్టి విషయం చర్చకు వచ్చినప్పుడు తానే లేచి వెలుపలికి వెళ్లడం మర్యాద. సమావేశంలో ఎంత వాదించినా, తీర్మానమైన పిమ్మట అది అందరి మాట. సమావేశం ముగిసిన తరువాత ఏ ఒక్క సభ్యునికీ విడిగా అధికారం ఉండదు. ఎక్కువ విరాళమిచ్చిన వారికి ఎక్కువ ఓట్లుండవు. ఏమి బోధించాలి, ఎలా బోధించాలి అన్నది ఉపాధ్యాయుల పని. అది సక్రమంగా జరుగుతున్నదా అని అడగడం సభ్యుల పని. జీతం తీసుకొనే నేను జీతం లేనివారికి సంజాయిషీ చెప్పుకొనే ఈ ఏర్పాటులో ఎవరికీ చిన్నతనం లేదు.

ఇప్పుడు మన ముందున్న కష్టమైన ప్రశ్నకు వస్తాను. మన తల్లిదండ్రులలో పలువురు ఆంగ్లమాధ్యమం వైపు చూస్తున్నారు. వారిని నిందించడం వలన ప్రయోజనం లేదు. 2020 చట్టంతో ఈ రాష్ట్రపు పాఠశాలలన్నిటిలో మరాఠీ తప్పనిసరి అయినది. అది మన పిల్లలు బ్రతికే నేల భాష, నేర్వవలసినదే. తెలుగు, మరాఠీ, ఆంగ్లం మూడింటినీ మోసే బిడ్డకు ఏది ఎప్పుడు, ఎంత నేర్పాలి? గణితాన్ని, విజ్ఞానశాస్త్రాన్ని ఆంగ్లంలో చెప్పే సెమీ ఇంగ్లీషు పద్ధతిని మనం అవలంబించాలా? అవలంబిస్తే తెలుగు ఇంటిమాటగా మాత్రమే మిగిలిపోతుందా? బాలభారతి వారు తెలుగు మాధ్యమానికి పుస్తకాలు ముద్రిస్తున్నారు. వాటిని తెరిచే పిల్లలే తగ్గిపోతే ఆ పుస్తకాలెవరికి? ఈ నిర్ణయాన్ని నేనొక్కతెను తీసుకోరాదు. ఒక దాత కోరిక మీద తీసుకోరాదు. ఆ బిడ్డల తల్లిదండ్రులు కూర్చున్న పాలక మండలి, ఉపాధ్యాయుల మాట విని తీసుకోవాలి.

అట్టి మండలి ఏర్పడాలంటే ఆ కుర్చీలలో కూర్చునేవారు కావాలి. మన సభ్యులలో పలువురు వయసు మీరినవారు. వారు వదలిపోరు, వదలిపోలేరు. వారి చేతి నుండి బరువు అందుకొనేవారు కనబడడం లేదు. అందుచేత ఈ వేదిక మీద నుండి మూడు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది పాలక మండలికి. సమావేశాలను బీడీ కార్మికులైన తల్లులకు, మగ్గం పనివారికి వీలైన వేళకు మార్చండి. చర్చనీయాంశాలను ముందుగా తెలుగులో పంచండి. చదువురాని తల్లి ఉంటే చదివి వినిపించండి.

రెండవది తల్లులకు. లెక్కలు తెలియవు, చట్టాలు తెలియవు అని వెనుకాడకండి. మీ బిడ్డ నిన్న రాత్రి ఏమి చదివినదో మీకు తెలుసు. మండలిలో ఆ సమాచారం కొరతగా ఉన్నది.

మూడవది పూర్వ విద్యార్థులకు. మీరు పంపిన విరాళాలకు ఈ సంస్థ కృతజ్ఞతతో ఉన్నది. ఈ నగరంలోనే ఉన్నవారు నెలకొక సాయంత్రం కూడ ఇవ్వండి. మొదటి సంవత్సరం ఓటు లేకుండ ప్రక్కన కూర్చొని వినండి. పని తెలిసిన పిదప సభ్యులు కండి. సుముఖులైనవారి పేర్లు వ్రాసుకొనడానికి కార్యాలయంలో ఒక పుస్తకం ఉంచినాము. నేటి సభ ముగిసిన పిమ్మట ఆ పుస్తకంలో కొన్ని పేర్లు కనబడితే నూరవ ఏటి ఉత్సవానికి మనం నేడే పునాది వేసినవారమవుతాము.