ఈమెయిలుకి చిన్న ప్రోగ్రామా, పెద్ద ప్రోగ్రామా?



ఈమెయిలు గురించి మాట్లాడమన్నారు. మగ్గం గుంటలో కూర్చునేవాళ్లకి ఇదెందుకని కొందరు నవ్వుతున్నారు. నూలు ఇండెంటు, బిల్లు, ఆర్డరు అన్నీ ఇప్పుడు అందులోనే కదండీ వస్తున్నాయి. అవి పోతే ఏమవుతుందో మేము చూశాం.

మా ఆఫీసు కంప్యూటర్లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ఊరికే వచ్చిన అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉండేది. ఉత్తరం రాసుకోవడం, చదువుకోవడం, చిరునామాలు దాచుకోవడం, అంతే. డబ్బిచ్చి కొనే పెద్ద అవుట్‌లుక్‌లో క్యాలెండరు, పనుల జాబితా కూడా ఉంటాయన్నారు. తువ్వాలు నేసేవాడికి జకార్డు దేనికని వద్దనుకున్నాం. ఆ మాట తప్పు కాదు. తప్పు ఇంకోచోట జరిగింది.

దాన్ని పాప్ పద్ధతిలో పెట్టాం. అందులో ఉత్తరం మన కంప్యూటర్లోకి దిగిపోతుంది. సర్వర్లో కూడా ఒక కాపీ ఉంచమని టిక్కు పెట్టకపోతే అక్కడ చెరిగిపోతుంది. మేము టిక్కు పెట్టలేదు. 2006 ఆగస్టులో గోదావరి వరదొచ్చింది. పడుగులు అటకెక్కించాం గానీ కంప్యూటరు సంగతి మర్చిపోయాం. తర్వాత ఒక షావుకారు, దుప్పట్ల రంగు తాను ఒప్పుకున్నది కాదన్నాడు. ఒప్పుకున్న ఉత్తరం చూపించలేకపోయాం. సరుకు తక్కువకి అమ్మి, మా వాళ్లకి మూడు నెలలు కూలి బాకీ పడ్డాం. ఆ మూడు నెలలు వాళ్ల ముఖం చూడలేకపోయాం.

అందుకని చెప్తున్నాం. చిన్నదా పెద్దదా అని అడిగేముందు, ఉత్తరం ఎక్కడ ఉంటుందో అడగండి. ఐమ్యాప్ పద్ధతిలో అయితే ఉత్తరం సర్వర్లోనే ఉంటుంది, ఫోన్లోనూ ఆఫీసులోనూ అదే కనబడుతుంది. కాకపోతే ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరుగుతుంది, జాగ్రత్త.

ఇంట్లో ఒక మగ్గం, నెలకి నాలుగు ఉత్తరాలు అయితే ఫోన్లో జీమెయిలు చాలు. దాన్ని తెలుగులో పెట్టుకోవచ్చు. రంగు నమూనా ఫోటోలు ఒక ఉత్తరానికి 25 ఎంబీ దాకా పంపొచ్చు. సంఘం ఆఫీసుకి మటుకు పెద్దదే మేలు. థండర్‌బర్డ్ అని ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. షావుకారుకొక ఫోల్డరు పెట్టి, దానికి ఫిల్టరు కూడా పెట్టుకుంటే వచ్చిన ఉత్తరం దానంతటదే అందులోకి వెళ్తుంది. డెలివరీ తేదీలు క్యాలెండరులో రాసుకోవచ్చు. రెండు మూడు ఈమెయిలు ఖాతాలు ఒకేచోట చూసుకోవచ్చు.

ఇంకొక్క మాట. పాస్‌వర్డు ఒక్క సెక్రటరీ దగ్గరే ఉంచొద్దు. మాకు అరవై దాటాయి. మా సంఘంలో అధ్యక్షులకీ, లెక్కలు రాసే అమ్మాయికీ కూడా అది తెలుసు. ఆర్డరు ఉత్తరాన్ని కాగితం మీద తీసి, ఫైల్లో పెట్టి, ఆ ఫైలు అటక మీదే ఉంచుతున్నాం.

ప్రోగ్రాము ఏదైనా, మన కష్టానికి సాక్ష్యం ఆ ఉత్తరమే. దాన్ని పడుగంత జాగ్రత్తగా చూసుకోమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.