పిరనేసి గీచిన చెరసాలలు



హంపీ శిథిలములను, ఆదోని కొండకోటను చూచిన నందవర ప్రాంతీయులకు పాడుపడిన రాతికట్టడము క్రొత్త గాదు. అచ్చట తలయెత్తినచో ఆకాశమైనను కానవచ్చును. అదియును కానరాని కట్టడములను ఇటలీదేశపు చిత్రకారుడు జ్యోవన్నీ బత్తిస్తా పిరనేసి ఊహించి గీచెను.

1720లో వెనీసు సమీపమున రాతిపనివాని యింట జన్మించిన ఈతడు, జలనిర్మాణశాఖలో ఇంజనీరైన మేనమామ యొద్ద పని నేర్చెను. తన చిత్రములపై 'వెనీసు వాస్తుశిల్పి' యని వ్రాసికొనెడివాడు. పాప మాతనికి కట్ట దొరికినది రోములో ఒక్క చర్చి మాత్రమే! రోమునగర దృశ్యములను నూటికి పైగా చిత్రించి యాత్రికులకు అమ్మి జీవించెను.

పని విధానమిది: రాగిరేకుపై మైనపుపూత పూసి, సూదిమొనతో గీచి, ద్రావకమున ముంచవలెను. గీచినచోట ద్రావకము రాగిని తినును. ఆ పల్లములలో సిరా నింపి కాగితముపై అద్దుదురు. ఎంతసేపు నానిన గీత అంత నల్లనగును.

1750 ప్రాంతమున ఈ రీతిని 14 చెరసాల చిత్రములు వెలువడెను. మెట్లపై మెట్లు, వంతెనలపై వంతెనలు. ఒకప్పటి కపిలబావుల గిలకలను దలపించు భారీ గిలకలు, వ్రేలాడు మోకులు. మనుష్యులు చీమలంత. (భూతద్దము చేతనుంచుకొని చూచుట మేలు.) కొందరు సంకెళ్ళలో నున్నారు, పలువురు స్వేచ్ఛగానే తిరుగుచున్నారు. ఐనను వెలుపలికి త్రోవ కానరాదు. భయము పుట్టించునది రక్తపాతము గాదు, ఆ కొలతలే. కట్టడము నెరిగినవాడు గీచినది గావున ప్రతి కమానును నమ్మవలసి వచ్చును.

1761లో ఆ రేకులనే మరల చేపట్టి నీడలను చిక్కబరచెను. మెట్లను, గొలుసులను, హింసాయంత్రములను పెంచెను. రెండు క్రొత్త చిత్రములు చేర్చి 16 గావించెను. మొదటి కూర్పున గీతలు తేలికగా నుండి, కొంత వెలుగు మిగిలియుండెను. రెండవదానియందు ఆ వెలుగు నాతడే మూసివేసెను. పదేండ్లు గడచినను ఆ చీకటి యాతని విడువలేదు కాబోలు.

పిరనేసి 1778లో మరణించెను. 1821లో డి క్విన్సీ యను ఆంగ్లరచయిత, తాను చూడకయే, కవి కోలరిడ్జి చెప్పగా విని, ఈ చిత్రములను వర్ణించెను. ఆ వర్ణనలో పిరనేసియే మెట్లెక్కుచుండును, మెట్లు తెగిపోవును, పైన మరియొక మెట్లవరుస, దానిపైనను ఆతడే! చదివినవారు ఆ చిత్రమునకై వెదకుదురు. పదునారింటిలో నట్టిది ఒక్కటియు లేదు.