వెనక బెంచీ దరువు



ఛందస్సు పాఠం అనగానే పిల్లల ముఖాలు ఎలా వాడిపోతాయో తెలుగు ఉపాధ్యాయులైన మీకు నేను చెప్పనక్కరలేదు. గణాల పట్టిక రాస్తాం, వల్లె వేయిస్తాం, పరీక్ష అయిపోగానే అంతా మరిచిపోతారు. ఆ పిల్లలే మనం బోర్డు వైపు తిరగగానే బెంచీ మీద దరువు మొదలుపెడతారు. అల్లరి అని కసురుకోకుండా ‘ఏం పాటరా అది?’ అని ఒక్కసారి అడగమని నా మనవి.

మా తరగతిలో వచ్చిన జవాబు ‘నాటు నాటు సార్’ అని. చంద్రబోస్ రాసి, కీరవాణి బాణీ కట్టి, 2023లో ఆస్కార్ అందుకున్న పాట. ‘నాటు’ అన్న ఒక్క మాటే బోర్డు మీద రాశాను. ‘నా’ గురువు, రెండు మాత్రలు. ‘టు’ లఘువు, ఒక మాత్ర. మొత్తం మూడు, తిస్రగతి. గణం పేరు హగణం, సూర్యగణం. దాన్నే వరసగా ఐదుసార్లు అనమన్నాను. బెంచీలు అదిరిపోయాయి. ఆటవెలది రెండో పాదానికి కావలసినవి ఐదు సూర్యగణాలే కదా! నాలుగో గణం మొదట యతి కూడా కుదిరింది. దరువు వేసిన కుర్రవాడే లేచి, ‘అయితే వేమన పద్యానిదీ ఇదే బీటేనా సార్?’ అన్నాడు. ‘సరి పాదాల్లో ఇదే నాయనా, బేసి పాదాల్లో మూడు సూర్యగణాలయ్యాక రెండు ఇంద్రగణాలు వచ్చి నడక మారుతుంది’ అన్నాను. ఎక్కడ మారుతుందో వాడు బల్ల మీద వాయించి మరీ పట్టుకున్నాడు.

అయితే పాటను పాఠానికి ఎరగా వేయమని నేను చెప్పడం లేదు. ఎరను పిల్లలు ఇట్టే పసిగడతారు. కుర్రకారు మెప్పు కోసం కొత్త పాట కూనిరాగం తీసే మాస్టారినీ పోల్చుకుంటారు. నేను వినమంటున్నాను. ర్యాప్ కానివ్వండి, తీన్మార్ కానివ్వండి, వాళ్లు చెప్పిన పాటను ఇంటి దగ్గర కూర్చుని, మాట మాటా పట్టించుకుంటూ వినండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో మర్నాడు తరగతిలోనే చెప్పండి. ఆడపిల్లను చులకన చేసే మాట ఉంటే నిలదీయండి. వినకుండా తిడితే పిల్లలు తల దించుకుని ఊరుకుంటారు. విని తప్పుపడితే వాదనకు దిగుతారు. ఆ వాదన తెలుగులో, తెలుగు మాటల మీద జరుగుతుంది. అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

జనం పాటను ఇలా పట్టించుకోవడం మనకు కొత్తేమీ కాదు. ఉస్మానియాలో తెలుగు బోధించిన సి. నారాయణరెడ్డి గారే 1962 నాటి ‘గులేబకావళి కథ’ సినిమాకు పాటలు రాశారు, ‘విశ్వంభర’ కావ్యానికి 1988 జ్ఞానపీఠమూ అందుకున్నారు. అదే విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు గారు పల్లె జనం పాడుకునే పాటలను పరిశోధనకు ఎత్తుకున్నారు. వారికి లేని అంటు మనకెందుకు?

మధ్యాహ్నం గోష్ఠికి వచ్చేటప్పుడు మీ విద్యార్థులు ఇప్పుడు పాడుకుంటున్న పాట పేరు ఒకటి కాగితం మీద రాసి తెండి. తెలియనివారు సోమవారం బడిలో అడిగి కనుక్కుని, మన సంఘానికి పోస్టులో పంపండి. ఆ పాటలతోనే ఛందస్సు అభ్యాసాల పుస్తకం ఒకటి మనమే తయారు చేసుకుందాం.