మా నాయన డైరీ పుస్తకమైన తీరు



1971 యుద్ధంలో పనిచేసిన మా నాయన రాసుకున్న డైరీని, ఆయన పోయిన తరువాత పుస్తకంగా తెచ్చాం. అది ఎట్లా జరిగిందో చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. మేము అంటే ముగ్గురు తోబుట్టువులం, మాతోపాటు మా హాస్టల్ పిల్లలు.

మా నాయన ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివి సైన్యంలో చేరాడు. బెంగళూరులో శిక్షణ పొంది మద్రాస్ సాపర్స్‌లో జవాను అయ్యాడు. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం సాపర్ల పని. 1971 డిసెంబరు 3న యుద్ధం మొదలైనప్పుడు ఆయన జమ్మూ వైపు సాంబా దగ్గర ఉన్నాడు. అక్కడి నుంచి శకర్‌గఢ్ ప్రాంతంలోకి, బసంతర్ దాకా పోయిన సేనతో నడిచాడు. ట్యాంకులు కదలాలంటే ముందు సాపర్లు పోవాలి. చీకట్లో పాకుతూ, ఇనుప చువ్వతో నేలను ఏటవాలుగా పొడిచి చూసి, పాతర దొరికితే తీసి, బాగైన దారికి రెండు పక్కలా తెల్ల పట్టీ పరుస్తారు. ఆ సరిహద్దులో డిసెంబరు 17 రాత్రి 8 గంటలకు కాల్పులు ఆగాయి. అప్పటిదాకా వీలు దొరికినప్పుడల్లా నాలుగు ముక్కలు రాసుకున్నాడు.

పతకం రాని ఒక జవాను డైరీ ఎవరికి కావాలని మమ్మల్ని అడిగినవాళ్లు ఉన్నారు. అదే యుద్ధంలో, అగర్తలా దగ్గరి గంగాసాగర్ పోరులో ప్రాణమిచ్చిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా మన ఆదివాసీ బిడ్డే. ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతపు ఉరావ్ కుటుంబంలో పుట్టాడు. చనిపోయాక ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. రాంచీలో పెద్ద కూడలికి ఆయన పేరు పెట్టారు. ఆయన గురించి సైన్యం రాసింది, దేశం చదివింది. అయితే మన జవాను తన గురించి తానే, తన మాటల్లో రాసుకున్నది మనకు ఎంత దొరుకుతుంది? అందుకే ఈ పని పట్టుకున్నాం.

డైరీలో కొంత పెన్సిలు, కొంత ఇంకు. వానాకాలం చెమ్మకు ఇంకు పాకింది. ముందుగా పగటి వెలుతురులో ఒక్కో పేజీ వరుసగా ఫోన్‌తో ఫొటో తీశాం. ఖాళీ పేజీలను కూడా వదల్లేదు. తరువాత ఉన్నది ఉన్నట్టు టైపు చేశాం.

అసలు చిక్కు భాష దగ్గర వచ్చింది. ఆయన రాసింది తెలుగు అక్షరాల్లోనే గానీ అందులో మూడు భాషలున్నాయి. తెలుగు, మన కోయ, ఫౌజీల హిందీ. పేజీలు కట్టిన డీటీపీ కుర్రవాడు మంచివాడే, పాపం తప్పులు దిద్దుతున్నాననుకున్నాడు. ఒకచోట నాయన "ఏరు అయిపోయింది" అని రాశాడు. కుర్రవాడు దాన్ని "ఏరు దాటడం అయిపోయింది" అని మార్చాడు. కోయలో ఏరు అంటే నీళ్లు. తాగడానికి నీళ్లు లేవని రాసిన మనిషిని వాగు దాటించాడన్నమాట! ఇంకోచోట "లోను గుర్తుకొచ్చింది" అని ఉంది. బ్యాంకు లోను అనుకొని దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. కోయలో లోను అంటే ఇల్లు.

ఈ రెండూ మాకు తెలుసు. తెలియని మాటలు ఇంకా చాలా ఉన్నాయి. హాస్టల్లో సాయంత్రం చదువుల గంట అయ్యాక ఆ పేజీలు గట్టిగా చదివాం. లోపలి గూడేల నుంచి వచ్చిన పిల్లలు నవ్వుకుంటూ ఒక్కో మాటకు అర్థం చెప్పారు. కొన్నింటికి సెలవుల్లో అవ్వలను అడిగి వచ్చారు. క్లాసులో నోరు విప్పని పిల్ల ఆ గంటలో మాకు టీచరైంది. నాయన రాసిన మాట ఒక్కటీ మార్చకుండా, పేజీ అడుగున అర్థం ఇచ్చాం. 2004 నుంచి మన బడుల్లో కోయ వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. మా నాయన ఆ పని 1971లో కందకంలో కూర్చొని చేశాడు.

రెండో చిక్కు ఇంట్లోనే. బసంతర్ దగ్గర రాసిన ఒక పేజీలో, చువ్వ పట్టిన చేతులు వణికాయని, తెల్లారేదాకా ఏడుపు ఆగలేదని ఉంది. అన్న ఆ పేజీ వద్దన్నాడు. "నలుగురిలో నాయన పరువు పోతది" అన్నాడు. చెల్లె ఉంచాలంది. నెల రోజులు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి అమ్మకు చదివి వినిపించాం. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "భయపడ్డడు గనుకనే పైలంగా తవ్విండు. తిరిగొచ్చిండు. మీరు పుట్టిన్రు. ఉండనీయుర్రి" అంది. పేజీ ఉంది. ఆయన్ను అడవి మనిషని ఎగతాళి చేసిన సంగతీ ఉంది, చేసినవాడి పేరు మాత్రం తీసేశాం. పక్కనే కూలిన ఒక స్నేహితుడి పేరు కూడా వేయలేదు. ఆ ఇంటివాళ్లను అడగకుండా వేయడం ధర్మం కాదనుకున్నాం.

మీలో ఎవరైనా ఈ పనికి దిగితే కొన్ని సంగతులు. వీలునామా లేకపోతే రాతల మీద హక్కు వారసులందరిదీ, అందరి సంతకాలూ ముందే తీసుకోండి. ఐఎస్‌బీఎన్ నంబరు ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దానికి డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. యూనికోడ్‌లో టైపు చేసింది అను ఫాంట్‌కు మారేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, అచ్చుకు ముందు ఇంకోసారి చదవండి. 1954 చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మిగతా గ్రంథాలయాలకు కాపీలు పంపాలి. మేము 300 కాపీలు వేశాం. మొదటి కట్ట గూడెంలో పంచాం.

మన ఇళ్లల్లో ట్రంకుపెట్టెల అడుగున ఉత్తరాలు, పే బుక్కులు, నోటు పుస్తకాలు ఉన్నాయి. చెదలు తినకముందే బయటికి తీయండి. చదవడం రాకపోతే ఆదివారం మా హాస్టల్‌కు తీసుకురండి, మా పిల్లలు చదివి పెడతారు. తెలియని మాటలకు అర్థం చెప్పగల అవ్వలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లు ఉండగానే ఈ పని చేసుకుందాం.