నరకంలో ఒక కొలువు

బౌద్ధం చైనా మీదుగా జపాన్ చేరింది. దాని వెంట యముడూ చేరాడు. అక్కడ ఆయన పేరు ఎన్మ. ఆ ఎన్మ కొలువులో నడిచే బొమ్మల కథ 'హోజుకి నో రెయితెత్సు'. జపాన్‌లో ఇలాంటి బొమ్మల కథల్ని మాంగా అంటారు. నత్సుమి ఎగుచి దీన్ని రాసి, గీశారు. 2011 నుంచి 2020 దాకా 'మార్నింగ్' పత్రికలో వచ్చింది.

ఇందులో ఎన్మ భారీకాయుడు, మనసు మాత్రం మెత్తన. కొలువును నడిపేది ఆయన ముఖ్య సహాయకుడు హోజుకి. నుదుట ఒంటి కొమ్ము, చేతిలో ముళ్ల ఇనుప గద. పని తప్పితే ప్రభువునైనా వదలడు. పాపులు ఎక్కువ, సిబ్బంది తక్కువ. అంటే నరకం ఇక్కడ ఒక ఆఫీసు.

జపాన్ పిల్లలందరికీ తెలిసిన జానపద వీరుడు మొమొతారో. అతను రాక్షసుల్ని గెలవాలని నరకానికే వస్తాడు. హోజుకి అతనితో యుద్ధం చేయడు, ఉద్యోగం చూపిస్తాడు! అతని కుక్క, కోతి, నెమలికోడి కూడా కొలువులో చేరతాయి. మూగజీవాల్ని హింసించినవారిని శిక్షించడం వాటి పని. ఎంత చక్కని న్యాయం!

ఈ కథ రెండుసార్లు టీవీ యానిమేషన్‌గా వచ్చింది. 2014లో విట్ స్టూడియో తీసింది, 2017లో స్టూడియో డీన్ కొనసాగించింది. హోజుకికి రెండింటిలోనూ గొంతునిచ్చింది హిరోకి యాసుమొతో. మాంగాలో ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం విడి కథ. అందుకే టీవీలోనూ చిన్న చిన్న కథలుగానే చూపించారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా అర్థమవుతుంది.