ముక్కు మార్చుకున్న విమానం

ఈ పూట ఒక చైనా యుద్ధవిమానం గురించి చెప్పుకుందాం. సొంత దేశంలో దాని పేరు క్యూ-5. బయటి దేశాలకు అమ్మినప్పుడు ఏ-5. ఆకాశంలో శత్రువిమానాలతో తలపడటం దీని ప్రధాన బాధ్యత కాదు. తక్కువ ఎత్తులో దూసుకుపోయి, నేలమీదున్న ట్యాంకులనూ వంతెనలనూ రన్‌వేలనూ దెబ్బతీసి రావడమే దీని ఉద్యోగం.

దీనికి మూలం సోవియట్ మిగ్-19. చైనా ఆ విమానాన్ని తన ఫ్యాక్టరీల్లో తయారు చేసుకుంది. మిగ్-19కి ముక్కు ఉండాల్సిన చోట పెద్ద గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఇంజిన్లకు గాలి అందులోంచే వెళ్తుంది. వేగంగా తరిమే విమానానికి ఆ ఏర్పాటుతో ఇబ్బంది లేదు. కానీ నేలమీది లక్ష్యాన్ని వెతకాల్సిన పైలట్‌కు ఆ లావుపాటి ముక్కు అడ్డం. పైగా గాలి గొట్టం ఒళ్ళంతా ఆక్రమిస్తే బాంబులు పెట్టేదెక్కడ?

నాన్‌చాంగ్ ఫ్యాక్టరీలో 1958లో మిగ్-19ను దాడి విమానంగా మలిచే పని చేపట్టిన డిజైనర్ లూ షియావ్‌పెంగ్. ఆయన ఆ రంధ్రాన్ని మూసేసి, కాక్‌పిట్‌కు రెండు పక్కలా గాలి ద్వారాలు పెట్టాడు. ముక్కు కోసుగా, కిందికి వాలుగా తయారైంది. పైలట్‌కు నేల కనిపించింది. పొట్టలో 250 కిలోల బాంబులు నాలుగు పట్టే అర ఏర్పడింది. ధ్వనివేగం దగ్గర గాలి నిరోధం తగ్గాలని విమానం నడుమును డమరుకంలా సన్నం చేశారు. ముక్కు ఖాళీ చేసింది రాడార్ కోసం కూడా. మామూలు దాడి రకాలకు ఆ రాడార్ మాత్రం చివరిదాకా రాలేదు! అయినా నా దృష్టిలో ఆ మార్పు వృథా కాలేదు. పైలట్ కళ్ళే ఆధారమైన విమానానికి అంతకన్నా కావాల్సిందేముంది?

1961లో దేశం కరువుతో అల్లాడుతున్నప్పుడు ఈ పథకాన్ని రద్దు చేశారు. లూ పట్టు వదల్లేదు. పైవాళ్ళను బతిమాలి, కొద్దిమందితో, ఫ్యాక్టరీకి తీరిక దొరికినప్పుడల్లా పని సాగించాడు. 1965 జూన్ 4న విమానం గాల్లోకి లేచింది.

దీని చరిత్రలో ఒళ్ళు జలదరించే ఘట్టం ఒకటుంది. 1971 డిసెంబర్ 30న యాంగ్ గువోషియాంగ్ అనే పైలట్ ఒక హైడ్రోజన్ బాంబుతో లోప్‌నూర్ పరీక్షా స్థలం మీదికి వెళ్ళాడు. ఏటవాలుగా పైకి లేస్తూ బాంబును విసిరి, అది పేలేలోగా వెనక్కి తిరిగి తప్పించుకోవాలి. మీట నొక్కితే బాంబు ఊడలేదు. మూడుసార్లు ప్రయత్నించాడు, మూడుసార్లూ అంతే. విమానాన్ని వదిలేసి పారాచూట్‌తో దూకేయవచ్చు. అతను ఆ పని చేయలేదు. బాంబు పొట్టకు అంటుకునే ఉండగా స్థావరానికి తిరిగొచ్చి, రన్‌వే మీద మెల్లగా దించాడు. 1972 జనవరి 7న మళ్ళీ అతనే బయల్దేరాడు. ఈసారి బాంబు ఊడింది, పేలింది.

గొప్పలే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. క్యూ-5 రెండు టన్నుల బాంబులకు మించి మోయలేదు. బరువెత్తుకుంటే దూరం పోలేదు. అందుకే 1980లలో ఆ బాంబుల అరనే ఇంధన ట్యాంకుగా మార్చి, బాంబులన్నీ బయట తగిలించారు. అంత తంటాలుపడి సంపాదించిన అర అలా పోయింది. లేజర్ గురితో పడే బాంబులు దీనికి అమరేసరికి కొత్త శతాబ్దం వచ్చేసింది.

అయినా కొనేవాళ్ళు దొరికారు. ఖరీదు తక్కువ, మరమ్మతు తేలిక, మిగ్-19 రకం నడిపినవాళ్ళకు ఇంజిన్లు కొత్త కావు. ఉత్తర కొరియా, సూడాన్, మయన్మార్ తీసుకున్నాయి. మనకు రెండు పక్కలా ఉన్న పాకిస్తాన్, బంగ్లాదేశ్ కూడా కొన్నాయి. పాకిస్తాన్‌కు 1983లో చేరడం మొదలైన ఈ విమానాలు 2011దాకా ఎగిరాయి. చైనా తన క్యూ-5లను ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు నడిపింది.